ఆర్డిత్ పారేసిన ఆసు

పేకాటలో గెలిచే మనిషి ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే ఆర్డిత్ లుండే అనే ఆవిడ వైపు వేలు చూపిస్తాను. అడిగినవాడు నేను ఎగతాళి చేస్తున్నానని అనుకుంటాడు. డెబ్బై మూడేళ్ళ మనిషి, మోచేతుల దగ్గర పలచబడ్డ ఉన్ని స్వెట్టరు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. మా షెల్బీ ఊరి బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి వండిపెట్టి రిటైరైంది. కర్లూ బార్ వెనక గదిలో మంగళవారం, శుక్రవారం పొద్దున పదకొండింటికి పోకర్ బల్ల మొదలవుతుంది. ఆవిడ పదిన్నరకే వచ్చి కాఫీ పోయించుకుని కూర్చుంటుంది. ముక్కలు పంచేది నేను. పేరు వెండెల్. పంతొమ్మిదేళ్ళుగా పంచుతున్నాను. మోకాళ్ళు పోయాయి, ఓపిక అంతకుముందే పోయింది.

నాకు గిట్టని మనుషులు చాలామందే ఉన్నారు. డబ్బుకి బదులు వాడే పందెం బిళ్ళలు తిన్నగా పెట్టకుండా మధ్యలో కుప్ప మీదకి విసిరేవాళ్ళు, తమ వంతు వచ్చినా ఫోనులోంచి తల ఎత్తనివాళ్ళు, టమాటా రసం కలిపిన బీరు నా బల్ల గుడ్డ మీద ఒలకబోసి పక్కవాడి వైపు చూసేవాళ్ళు. వీళ్ళందరినీ మించినవాళ్ళు, ఓడిపోయి ముక్కలు నా మొహాన కొట్టేవాళ్ళు. ఆ ముక్కలేమైనా నేను అచ్చేశానా? పంచాను, అంతే కదా. ఆర్డిత్ పదకొండేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటోంది, ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. అందుకే ఆవిడ గురించి మంచిగా చెబుతున్నాను. నా నోటి వెంట మంచి మాట రావడం ఎంత అరుదో మా ఆవిడని అడిగితే చెబుతుంది.

మా ఆట తేలికే. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు, అందరికీ కలిపి బల్ల మీద ఐదు. ఆ ఏడింట్లో మేలైన ఐదు ఎవరివైతే కుప్ప వాళ్ళది. మధ్యమధ్యలో పందేలు. మాది చిన్న ఆట, రోజంతా ఓడినా ఎవరూ పొలం అమ్ముకోరు. ఇందులో ఆర్డిత్ చేసేదేమిటంటే, పదిసార్లు ముక్కలిస్తే ఎనిమిదిసార్లు వెనక్కి తోసేస్తుంది. మిగిలిన రెండుసార్లు నాన్చకుండా గట్టిగా పందెం కాస్తుంది. కిక్కురుమనకుండా కూర్చున్న మనిషి ఉన్నట్టుండి పందెం పెంచితే నమ్మేస్తుంది, చేతిలో ఎంత ముద్దొచ్చే ముక్కలున్నా పారేస్తుంది. తెచ్చుకున్న డబ్బు అయిపోతే బ్యాంకు మెషిను దగ్గరికి పరిగెత్తదు. చిరాకు పుట్టిందంటే చాలు, బిళ్ళలు మార్చుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. ఓడినవాడిని చూసి నవ్వదు, వాడెందుకు ఓడాడో వాడికి చెప్పదు.

ఇంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ ఆవిడ తప్ప ఇది చేయగలిగినవాడు మా బల్ల దగ్గర ఇంకొకడు లేడు. గోధుమ కోతల్లోనో రైలు పట్టాల మీదో ఒళ్ళు హూనం చేసుకున్నవాడు వచ్చి కూర్చునేది ఆడటానికి. రెండు గంటలపాటు ముక్కలు వెనక్కి తోస్తూ కూర్చోమంటే వాడివల్ల ఎందుకవుతుంది?

ఆవిడకి మాత్రం ఎలా వచ్చిందంటే, బడి వంటింట్లో వచ్చిందంటుంది. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లల్లో ఎవడు పొద్దున ఏమీ తినకుండా వచ్చాడో, ఎవడు తిని కూడా తినలేదని అబద్ధం చెబుతున్నాడో మొహం చూసి పట్టేసేదట. అయినా మొదటి ఏడాది ఆవిడా ఓడింది, నాకు బాగా గుర్తు. ఆ తర్వాత ఒక నెలరోజులు ఆడకుండా గోడ పక్కన కుర్చీ వేసుకుని, స్వెట్టరు అల్లుకుంటూ మమ్మల్నే చూసింది. స్వెట్టరు పూర్తయింది, బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. ఇక ఆవిడ ఓడిన నెల నేను చూడలేదు.

ఆవిడ గెలిచే డబ్బు ఎక్కణ్ణించో రావాలి కదా. అది చాలావరకు డెల్మర్ హోయ్‌లాండ్ దగ్గర్నించి వచ్చేది.

డెల్మర్ ధాన్యం గిడ్డంగిలో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. తాటిచెట్టంత పొడుగు, గుసగుసలాడినట్టు మాట్లాడతాడు. భార్య పోయాక అక్క మార్వా ఇంట్లో ఉంటున్నాడు. భార్య పోయిన ఏడాదంతా ఊళ్ళో ఎవరితోనూ రెండు ముక్కలు మాట్లాడలేదు. ఒక మంగళవారం కాఫీ కోసం వచ్చి, వెనక గదిలో ఖాళీ కుర్చీ చూసి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నాలుగేళ్ళు, ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం. అతనికి ఉన్న లోకమంతా ఆ కుర్చీయే. నేను ఎవరి మీదా జాలిపడే రకం కాదు కానీ, మంచు పడి రోడ్డు మూసుకుపోయిన శుక్రవారం అతను నడిచి వచ్చి, ఆట లేదని తలుపు మీద అంటించిన కాగితం చదివి, మళ్ళీ చదివి, తిరిగి వెళ్ళడం చూశాను. నాకు బాగా అనిపించలేదు.

ఆట మాత్రం ఘోరంగా ఆడేవాడు. ఏ ముక్కనీ పారేసేవాడు కాదు. ఎవరు ఎంత పెంచినా చిరునవ్వుతో బిళ్ళలు ముందుకి జరిపి, చివరి ముక్క దాకా వచ్చి, ఓడి, "బాగా ఆడావు" అని మెచ్చుకునేవాడు. పందెం ఎప్పుడూ పెంచేవాడు కాదు, చూసేవాడంతే, అంటే ఎదుటివాడు కాసినంతే తనూ పెట్టి ఆటలో ఉండేవాడు. అలాంటివాడి దగ్గర మంచి ముక్కలు పట్టుకుని ఓపిగ్గా కూర్చుంటే చాలు, డబ్బు అదే నడిచి వస్తుంది. ఆర్డిత్ ఓపిక సంగతి చెప్పాను కదా.

జూన్ మొదట్లో ఒక శుక్రవారం డెల్మర్ వచ్చి కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అక్క గడువు పెట్టింది" అన్నాడు.

"దేనికి?" అంది ఆర్డిత్.

"ఈ వేసవికి మూడొందల డాలర్లు ఇచ్చింది. లేబర్ డే నాటికి ఆ మూడొందలూ తెచ్చి బల్ల మీద పెడితే ఇక్కడికి వస్తూ ఉండొచ్చట. లేకపోతే ఈ ఆట బందు. మంగళ, శుక్రవారాలు తనతో చర్చి వంటింటికి వెళ్ళి లెఫ్సె రొట్టెలకి బంగాళాదుంపలు చెక్కు తీయాలట."

గ్రేడీ పకపకా నవ్వాడు. గ్రేడీ రైల్వేలో పనిచేస్తాడు, నలభై ఏళ్ళవాడు, నోటికి తాళం లేదు. "ఏప్రన్ కొలత ఇచ్చొచ్చావా పెద్దాయనా? నీ పొడుక్కి రెండు కలిపి కుట్టాలి!"

"ఒరేయ్ గ్రేడీ, రెండో తరగతిలో నువ్వు బఠాణీలు ముక్కులో పెట్టుకుంటే ఎవరు తీశారో ఇప్పుడు చెప్పమంటావా?" అంది ఆర్డిత్.

గ్రేడీ నోరు మూసుకున్నాడు. డెల్మర్ కూడా నవ్వాడు కానీ టోపీ అంచు నలుపుతూనే ఉన్నాడు. ఆ రోజు అతను అలవాటు ప్రకారం అన్నీ చూశాడు, అలవాటు ప్రకారం ఓడాడు.

బల్ల ముగిశాక ఆర్డిత్ వెళ్ళకుండా నా పక్కన నిలబడింది. నేను ముక్కలు సర్దుతున్నాను.

"వెండెల్, నేను గెలిచేదాంట్లో సగం డెల్మర్‌దే, తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"అనడానికి నాకేం పని? నువ్వు గెలిస్తే నాకు రెండు డాలర్లు ఇస్తావు. అతను గెలిస్తే ఎంతిస్తాడో తెలుసుకునే భాగ్యం ఇంతవరకూ కలగలేదు."

ఆవిడ నవ్వలేదు. "నాలుగు చలికాలాలు ఆ మనిషి డబ్బుతో ఇల్లు వెచ్చగా పెట్టుకున్నాను. ఇప్పుడతను ఆట మానేసి పోతే నేను గెలిచినట్టా? అతనికి ఆట నేర్పిస్తాను."

పంచేవాడిగా నాకో భయం ఉంది, అది ఆవిడకి చెప్పాను. మా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: స్నేహితులైనా మొగుడూపెళ్ళాలైనా బల్ల దగ్గర ఒకరినొకరు వదిలిపెట్టకూడదు. జాలిపడి ఒకరి కోసం ఒకరు ముక్కలు పారేస్తే అది మిగతావాళ్ళ డబ్బుతో చేసే మోసం. పట్టుబడితే ఇద్దరికీ ఏడాదిపాటు ప్రవేశం లేదు. యజమానిని పిలవాల్సింది నేనే.

"నేర్పడం తప్పా?"

"నేర్పడం తప్పు కాదు. వదలడం తప్పు."

"నేను ఇన్నాళ్ళలో ఎవణ్ణి వదిలాను?" అంది ఆర్డిత్. నిజమే, ఎవర్నీ వదల్లేదు. పోయిన ఏడాది పాస్టరుగారిని కూడా.

బుధవారాలు ఆవిడ వంటింట్లో పాఠాలు. డెల్మర్ నాకు తర్వాత చెప్పాడు. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె ఒక తునక కోసి ముందు పెట్టి, ప్రతిసారీ రెండేసి పేకముక్కలు పంచేదట. చూడాలి, చెత్త అయితే పారేయాలి. అంతే. అలా యాభై సార్లు. మొదటి రోజు అతను యాభైలో మూడే పారేశాడు.

"ఏడు, రెండు. వీటితో ఏం చేద్దామని ఉంచుకున్నావు?" అనేదట ఆవిడ.

"రెండూ ఇస్పేట్లే కదా."

"ఆ కత్తీ ఇనుమే, ఈ కుళాయీ ఇనుమే. రెండూ కలిపి వండుకుంటావా? పారెయ్!"

"చివరికి ఏం పడుతుందో చూడాలనిపిస్తుంది ఆర్డిత్."

"చూడటానికి నేను టీవీ పెడతాను. ఇక్కడ చూస్తే డబ్బులు పోతాయి."

మూడు వారాలకి సగం పారేయగలిగాడు. జులై చివరికి పదింట్లో ఏడు. మా బల్ల దగ్గర కూడా ముక్కలు వెనక్కి తోయడం మొదలుపెట్టాడు. తోసిన ప్రతిసారీ పెంపుడు కుక్కని ఎవరికో ఇచ్చేసినట్టు మొహం పెట్టేవాడు. నాకు చూడబుద్ధయ్యేది కాదు. కానీ ఓటమి ఆగింది. ఒక రోజు ఇరవై పోతే ఇంకో రోజు పదిహేను వచ్చేది. ఆర్డిత్ సంపాదన సగానికి పడిపోయింది, నా రెండు డాలర్లు కూడా అప్పుడొకటీ ఇప్పుడొకటీ అయ్యాయి. పరోపకారం ఎప్పుడూ ఇలాగే ఎవడో సంబంధం లేనివాడి జేబుకి చిల్లు పెడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఓడకపోవడం వేరు, గెలవడం వేరు. అతను మంచి ముక్కలు వచ్చినా ఇంకా చూసేవాడే కానీ పెంచేవాడు కాదు. గెలిచినప్పుడు కొంచెం గెలిచేవాడు. లేబర్ డే అంటే సెప్టెంబరు మొదటి సోమవారం, దానికి ముందు శుక్రవారం వచ్చి కూర్చునేసరికి అతని దగ్గర మిగిలింది రెండొందల ముప్పై. అంతా బిళ్ళలుగా మార్చుకున్నాడు. ఇది ఆఖరి రోజని బల్ల దగ్గర అందరికీ తెలుసు. గ్రేడీ కూడా ఏప్రన్ ఊసెత్తలేదు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇంకా రెండొందల ముప్పై దగ్గరే ఉన్నాడు. మూడింటికి బల్ల మూసేస్తాం. అప్పుడు చేశాను ఆ పంపకం.

ఆర్డిత్ పది డాలర్లకి పెంచింది. డెల్మర్ చూశాడు, గ్రేడీ చూశాడు. మిగతావాళ్ళు పారేశారు. బల్ల మీద మూడు ముక్కలు తిప్పాను. డైమను ఆసు, కళావరు తొమ్మిది, కళావరు నాలుగు. ఆర్డిత్ ఇరవై కాసింది. డెల్మర్ చూశాడు, గ్రేడీ పారేశాడు. నాలుగో ముక్క ఆఠీను రెండు, ఎవరికీ పనికొచ్చేది కాదు. ఆర్డిత్ నలభై కాసింది. డెల్మర్ ఆ నలభై కూడా నెమ్మదిగా ముందుకి జరిపాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ పాత డెల్మరే, చివరికి ఏం పడుతుందో చూడాలని కూర్చున్నాడు అనుకున్నాను.

ఐదో ముక్క తిప్పాను. కళావరు జాకీ. బల్ల మీద మూడు కళావర్లు అయ్యాయి, చేతిలో రెండు కళావర్లు ఉన్నవాడికి కుప్ప వచ్చినట్టే. ఆర్డిత్ ఈసారి పందెం కాయకుండా బల్ల మీద వేళ్ళతో తట్టింది.

డెల్మర్ తన ముందున్న బిళ్ళలన్నీ, నూట అరవై, రెండు చేతులతో ముందుకి తోశాడు.

నాలుగేళ్ళలో అతను పందెం తోయడం అదే మొదటిసారి. నేను లెక్క వేశాను, ఆర్డిత్ కూడా వేసే ఉంటుంది. ఆవిడ పారేస్తే అతని దగ్గర మూడొందల పైన ఉంటాయి, మార్వా బల్ల మీద పెట్టొచ్చు. ఆవిడ చూస్తే, అతని దగ్గర కళావర్లు ఉంటే సరే, లేకపోతే ఈ కుర్చీ ఇవాళ్టితో ఖాళీ. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. తీసింది. మళ్ళీ పెట్టుకుంది. అమ్మా తల్లీ, జాలిపడకు అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. అతను ఓడిపోవాలని కాదు. ఆవిడ జాలిపడిందని తేలితే ఇద్దర్నీ బయటికి పంపాల్సింది నేనే కదా.

ఆవిడ నిట్టూర్చి ముక్కలు వెల్లకిలా పెట్టి నా వైపు తోసేసింది. ఇస్పేటు ఆసు, ఆఠీను రాజు. బల్ల మీది ఆసుతో కలిసి ఆసుల జోడీ. పారేసింది.

"అదుగో!" అని గ్రేడీ కుర్చీలోంచి లేచాడు. "ఆసుల జోడీ పారేసింది! ఇది జాలి కాకపోతే ఏమిటి? గోడ మీద రాసిపెట్టింది చదవమంటావా వెండెల్? అందులో నా పది డాలర్లు కూడా ఉన్నాయి!"

గ్రేడీ అన్నదాంట్లో తప్పు లేదు, అదే నా బాధ. నేను చేతులు కుప్ప మీద పెట్టి ఆపాను. డెల్మర్ మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. బిళ్ళల వైపు చూడటం లేదు, ఆర్డిత్ వైపు చూస్తున్నాడు.

"నా మీద జాలిపడ్డావా ఆర్డిత్?" అన్నాడు.

"జాలా? నీ మొహం! నీ దగ్గర కళావర్లు ఉన్నాయని పారేశాను. నువ్వెప్పుడైనా ఊరికే పందెం తోశావా?"

"నిజంగానేనా?"

"నిజం కాకపోతే ఏమిటయ్యా? ఆసుల జోడీ పారేయడం నాకేమైనా సరదానా?"

డెల్మర్ తన ముక్కలు చూపించక్కర్లేదు. ఎదుటివాళ్ళు పారేశాక ఎవరూ చూపించరు, చూపించమని అడిగే హక్కు నాకూ లేదు. అతను ఒక్క క్షణం ఆలోచించి రెండు ముక్కలూ తిప్పాడు. ఆఠీను పది, ఆఠీను తొమ్మిది. ఒక్క కళావరు లేదు. తొమ్మిదుల జోడీ, అంతే. ఆర్డిత్ చూసి ఉంటే అతని పని అయిపోయేది.

పంతొమ్మిదేళ్ళలో నేను చాలా మొహాలు చూశాను. ఏడుపు నటించినవాళ్ళని చూశాను, ఆశ్చర్యం నటించినవాళ్ళని చూశాను. ఆర్డిత్ మెడ దగ్గర్నించి ఎరుపు పైకి పాకింది, చెవులదాకా పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు బడిపిల్లల అబద్ధాలన్నీ పట్టిన మనిషి మొదటిసారి ఒకడి చేతిలో మోసపోయింది. అది నటించడం ఎవరి తరమూ కాదు.

"దొంగ సచ్చినోడా!" అంది చివరికి. "నా చేత ఆసు పారేయిస్తావా!"

గ్రేడీ ఆవిడ మొహం చూశాడు, డెల్మర్ ముక్కలు చూశాడు, కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. "వదిలెయ్ వెండెల్. ఆవిడ వదల్లేదు, పాపం మునిగింది. ఇది చూడటానికి పది డాలర్లు ఇవ్వొచ్చు."

నేను కుప్ప మీంచి చేతులు తీసి మొత్తం డెల్మర్ వైపు తోశాను. ఇన్నేళ్ళలో నేను అంత సంతోషంగా తోసిన కుప్ప ఇంకొకటి లేదు, చెప్పడానికి సిగ్గుగానే ఉన్నా చెబుతున్నాను.

"నీకీ వేషాలు ఎవరు నేర్పారు? నేనైతే నేర్పలేదు" అంది ఆర్డిత్.

"నేనే అనుకున్నాను" అన్నాడు డెల్మర్, ఎప్పటిలాగే మెల్లిగా. "గ్రేడీని బెదిరిస్తే వాడు చూస్తాడు. ఇక్కడ ఎవర్ని బెదిరించినా చూస్తారు. మంచి ముక్కలు పారేయగలిగేది నువ్వొక్కదానివే కదా."

ఆవిడ మళ్ళీ అందుకుంది. "సరే, గెలిచావు. ఎందుకు చూపించావురా పిచ్చివాడా? ఇక నీ పందెం ఎవడు నమ్ముతాడు? నాలుగేళ్ళ పరువు ఒక్క నిమిషంలో పోగొట్టుకున్నావు!"

"చూపించకపోతే, నువ్వు జాలిపడ్డావేమోనని చచ్చేదాకా అనుమానం ఉంటుంది. నీ మొహం చూడాలనిపించింది."

మూడింటికి బల్ల మూసేశాక డెల్మర్ బిళ్ళలు మార్చుకుని నాకు పది డాలర్లు ఇచ్చి, అక్కకి చూపించాలని గబగబా వెళ్ళిపోయాడు. అతను గెలిస్తే ఎంతిస్తాడో అలా తెలిసింది. ఆర్డిత్ స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ కిటికీలోంచి అతను వీధి దాటడం చూసింది.

"హమ్మయ్య" అంది.

"ఆసు పోయినందుకా?"

"అవును వెండెల్. నాలుగేళ్ళుగా ఆ మనిషిని చూసినప్పుడల్లా లోపల ఏదో గుచ్చుకునేది. గెలిచి ఇంటికెళ్ళినా అన్నం సయించేది కాదు. ఇవాళ నన్ను శుభ్రంగా ముంచాడు. నెత్తి మీంచి బస్తా దింపినట్టుంది." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "అయినా ఆసు, రాజు! నా ఖర్మ!"

మార్వా సోమవారం నాడు ఆ డబ్బు లెక్కపెట్టి తీసుకుందట. బంగాళాదుంపల బస్తా తనే ఎత్తుకుని కారులో పెట్టుకుందట.

మంగళవారం పదిన్నరకి ఆర్డిత్ వచ్చేసరికి డెల్మర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆవిడ తన కుర్చీ దగ్గర ఆగలేదు. చుట్టూ తిరిగి వచ్చి అతనికి ఎడమ పక్కనున్న కుర్చీ మీద చేయి వేసింది.

"వెండెల్, ఇకనుంచి నాకు ఈ కుర్చీ."

పోకర్‌లో వంతు ఎడమకి తిరుగుతుంది. ఎవరంటే భయమో వాళ్ళకి ఎడమ పక్కన కూర్చుంటారు, వాళ్ళేం చేస్తారో చూశాక మనం తేల్చుకోవచ్చని. బాగా ఆడేవాళ్ళ పక్కన ఆ కుర్చీ కోసం తగువులాడుకుంటారు. డెల్మర్ పక్కన అది నాలుగేళ్ళుగా కోట్లు పడేసుకోవడానికే పనికొచ్చింది.

డెల్మర్‌కి అర్థమైంది. లేచి, ఆ కుర్చీలో ఉన్న తన కోటు తీసి, ఆవిడకి చోటిచ్చాడు.